సింహము దవడకు డంగుసున్నము

వర్షర్తువు తన నీటికడవల నన్నింటిని బోర్లించి వెడలిపోయిన పిమ్మట శరత్కాలము తలంటుకొని వెల్లచీర గట్టిన ముత్తైదువవలె కొమ్ముగిరి సంస్థానమున నడుగిడెను. ఏటిగట్ల ఱెల్లుపూవులు తలలూపుచుండ చెఱకుతోటలు రసభారమున నొండొంటిపై నొరగుచుండ ఉదయభానుని లేయెండ కోటముంగిటి యిసుకరాతి సింహద్వారముపై బడి యా శిలలకు పసుపును కుంకుమమును మెత్తినట్లు శోభ గూర్చుచుండెను. ఇట్టి రమణీయసమయమున ద్వారమునకు కుడివైపున మోకాలియెత్తు వేదికపై శత్రుహృదయవిదారకముగా నోరు తెఱచి కూర్చుండిన మహాసింహమునకు క్రింది దవడ లేకుండెను.

ఆ దవడ యూడుట శత్రువుల ఫిరంగులవలన గాదు. ప్రభువులైన రాజా శోభనాద్రి కేసరి అప్పారాయణింగారు పట్టమునకు వచ్చిన క్రొత్తలో దాని యంచున గోరంత పెచ్చు లేచెను. నవీనవస్తుప్రియులైన యా దొరవారు సీమనుండి వచ్చిన సిమెంటును దెప్పించి యా గోరంత చోట గుప్పెడంత మెత్తించిరి. సిమెంటు వజ్రమువలె నిలిచెను. కాని రాతిలో జొచ్చిన వాననీరు వెలికి బోవు దారి గానక చుట్టునున్న రాతినే తినివేయగా శిల యప్పడమువలె పొరలు పొరలై రాలి తుదకీ వర్షములలో దవడ యంతయు నేల గూలెను. కొండనాలుకకు మందు వేయ నున్న నాలుక యూడె నన్న సామెత యిట్లు మృగరాజుపట్ల సార్థకమయ్యెను. సిమెంటుముద్ద మాత్రము చెక్కుచెదరక తనకేమియు దెలియనట్లు గడ్డిలో బడియుండెను.

ఆ సంస్థానమున నొక వింత యాచారము గలదు. విజయదశమినాడు ప్రభువు సింహముచెంత నిలిచి సకలజనసమక్షమున క్రొత్తచెఱకును తానే మొదట కొఱుకవలెను. కొఱుకలేని ప్రభువు రాజ్యచిహ్నమైన వెండిదండమును పండ్లు గల దాయాదికి సమర్పించి తాను భారతము వినుచు కాలక్షేపము చేయవలెను. దొరవారికి నిరుడు ముందరి పండ్లు రెండు రాలినవి. చెన్నపట్టణపు దంతవైద్యుడొకడు రెండు ఏనుగుదంతపు పండ్లను చేసి ఉక్కుతీగలతో ప్రక్కపండ్లకు బిగించి పంపెను. ఈ రహస్యము రాణి సుభద్రాయమ్మగారికి దక్క నన్యులకు దెలియదు. దండము చేయి జాఱెనేని తాము సజీవులై యుండియు గోడపటమున కెక్కినట్లే యని దొరవారి హృదయము నిత్యము వణకుచుండెను.

ఆ దండమునకై కాచుకొనియున్న దాయాది రంగకేసరిగారు నిష్కారణముగా నవ్వి తమ ధవళదంతపంక్తిని లోకమునకు జూపుటయే వృత్తిగా గలవారు. విందులలో చేగోడీలు వడ్డించునప్పుడు మాత్రము పైత్యమని విస్తరిపై చేయి యడ్డము పెట్టుచుందురు.

సింహమును బాగుచేయుటకు రావింపబడిన పోతులాచారి నోట నొక్క పన్నును లేని వృద్ధశిల్పి. తాంబూలమును చిన్నరోట దంచుకొని బుగ్గన బెట్టుకొనును. స్వోత్కర్షయందు మాత్రము యువకులను మించినవాడు. తాను ముట్టిన రాయి ప్రళయమునకును కదలదని చెప్పుకొనువాడు. దొరవారు వానితో గంభీరముగా నిట్లనిరి.

"ఆచారీ! ఈ దవడను మరల సిమెంటుతోడనే యతుకుము. అతుకన్నది ప్రక్కదానికంటె పదిరెట్లు కఠినముగా నుండవలెను. మాకది యనుభవైకవేద్యము."

"అదే వద్దండి మహాప్రభో! అతుకెప్పుడూ రాయికన్నా మెత్తగా ఉండాలండి. దెబ్బ తగిలితే అతుకు పోవాల, రాయి నిలవాల. మీ సిమెంటుందే, అది తాను చావదు, పక్కదాన్ని బతకనివ్వదు. డంగుసున్నం గానుగలో తిప్పి, బెల్లపు నీళ్లు, కరక్కాయ కషాయం పోసి అతికిస్తానండి. నా అంత పనివాడు ఈ గోదారికి ఆ గట్టునా లేడు, ఈ గట్టునా లేడు."

తమ నోటి మర్మమును వీడెట్లో కనిపెట్టి యెత్తిపొడుచుచున్నాడని దొరవారికి దోచెను. ముఖము జేగురించెను. పని నిలుపుడని యాజ్ఞ యయ్యెను. అప్పటికే తిరుగనారంభించిన సున్నపు గానుగ యాగెను. దాని యెద్దులు చింతలేక నెమరు వేసికొనుచు పండుకొనెను. పోతులాచారి మాత్రము ప్రతిదినమును వచ్చి సున్నపుగుంటకు నీరు పోసి ప్రభువుల బుద్ధికంటె సున్నమే త్వరగా పదునెక్కునని దారిన బోవువారికి జెప్పుచుండెను.

పండుగ దగ్గఱయ్యెను. ఒకనాటి మధ్యాహ్నమున దొరవారు శయ్యాగారపు తలుపులు బిగించుకొని చెఱకుగడ చేబూని యభ్యాసమునకు గడంగిరి. దంతపు పండ్లు గడలో దిగబడెను. దొరవారు గడను లాగిరి. తీగల బిగువునకు తాళలేక ప్రక్కనున్న నిజమైన పన్ను పెకలి చెఱకుతోగూడ వెలికి వచ్చెను. కృత్రిమదంతములును వానికి గట్టిన తీగయు చెక్కుచెదరక మెఱయుచుండెను. చప్పుడు విని వచ్చిన రాణిగారు క్షణకాలము చూచి యిట్లనిరి.

"అతుకు మహాదృఢముగా నున్నది. ఇక నతుకుటకు మనిషియే మిగులలేదు."

దొరవారు పై కండువతో నోరు మూసికొని సింహద్వారమునకు నడచిరి. అచట గడ్డిలో సిమెంటుముద్ద యథాపూర్వముగా గర్వించి పడియుండెను. దవడలేని సింహము వారిని జూచెను. పన్నులేని దొరవారు సింహమును జూచిరి. ఇన్నేండ్లుగా ఈ మూగజీవమునకు తాము చేసిన ద్రోహ మిట్టిదా యని వారి కన్నులు నిజముగనే చెమ్మగిల్లెను. వెంటనే పోతులాచారికి కబురు పోయెను.

"ఇప్పుడా అండి?" అని యాతడు తల గోకికొనెను. "రాయి దొరుకుతుంది గానండి, సున్నం ఆరడానికి ఓపిక కావాల. దసరా ముంగిట్లో కూర్చునుంది."

అయినను గానుగ తిరిగెను. తొలినాళ్లలో నే కొండనుండి సింహమును దెచ్చిరో యా కొండనుండియే రాతిని దెచ్చి యది కొండలో నే పొరపై బండుకొన్నదో నోటిలోను నట్లే పండుకొనునట్లు చెక్కి పోతులాచారి దవడను నిలిపెను. క్రొత్తరాయి పాతరాతికంటె నించుక లేతయై యతుకు అతుకుగానే కానవచ్చుచుండెను. దాచవలదని యాతని మతము.

విజయదశమి వచ్చెను. మేళములు మ్రోగెను. దొరవారు దంతపు పండ్లను భరిణెలోనే విడిచి పెదవులు బిగించి సింహముచెంత నిలిచిరి. రంగకేసరిగారి నవ్వు చెవినుండి చెవికి బ్రాకెను. అప్పుడు తెరవెనుకనుండి రాణిగారి కంఠము వినబడెను.

"వంశమునకు మూలపురుషుడైన సింహము నోరు తెఱచి కూర్చుండగా నిన్నగాక మొన్న బుట్టినవారు ముందు కొఱుకుట పెద్దఱికమా?"

మునిగిపోవువానికి కొమ్మ దొరకినట్లయి దొరవారు గడను సింహము నోట నిలిపి రెండుచేతుల క్రిందికి వంచిరి. గడ ఫెళ్లున విఱిగెను. రసము ధారగట్టెను. దొరవారు దోసిటబట్టి త్రాగిరి. ఆ వెంటనే క్రొత్తదవడ యూడి వారి పాదములచెంత బడెను.

జనసమూహము హాహాకారము చేసెను. పోతులాచారి పరుగున వచ్చి సింహము నోట వ్రేళ్లు పెట్టి తడిమి చంకలు కొట్టుకొనెను.

"చూశారా! సున్నం పోయింది, రాయికి గీతైనా పడలేదు! పచ్చిసున్నం కూడా పాతరాయిని కాపాడింది, అదీ నా పనంటే!"

పడిపోయిన పనిని జూపి గొప్ప చెప్పుకొనిన శిల్పిని లోకమంతవఱకు జూచి యెఱుగదు. జనులు ఘొల్లున నవ్విరి. రంగకేసరిగారు మాత్రము నవ్వక ముందునకు వచ్చిరి.

"అన్నగారూ! రాతిపండ్లు మీ పండ్లగునా? ఇది మోసము."

"మఱదిగారూ! అట్లయిన మీరే కొఱికి చూపుడు," అనెను తెర.

వెనుకకు బోవ మార్గము లేదు. రంగకేసరిగారు కన్నులు మూసికొని గడను కొఱికి లాగిరి. గడ వచ్చెను. దానితో తళతళలాడు ముందరి పండ్లు నాలుగు తీగతోసహా వచ్చి చెఱకున నాటుకొని యెండలో మెఱసెను.

"పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేమంటారు గదండీ," అనెను పోతులాచారి. "తమరికి రాయి కూడా అక్కర్లేకపోయింది."

దొరవారు ఆ తీగను బట్టిచూచి గుర్తించిరి. అదే యుక్కు. అదే చెన్నపట్టణము. వారు నోరు తెఱచి బోసినోటితో మొట్టమొదటిసారి ప్రజలయెదుట నవ్విరి.

"నాయనా రంగా! నీవును వానియొద్దకే పోయితివా? చెప్పియుండిన నిద్దఱము ఒక్కబండిలోనే పోయియుందుము గదా!"

రంగకేసరిగారు చెఱకున నాటుకొనిన తమ పండ్లను జూచుకొనిరి. పిదప వారికిని నవ్వాగలేదు. అన్నదమ్ములిద్దఱును దవడలేని సింహమునకు చెఱియొకవైపున నానుకొని కన్నీరు కారునంతగా నవ్విరి. దండము దొరవారి చేతనే నిలిచెను. దాని నడుగువారెవ్వరును మిగులలేదు.

పోతులాచారి యీసారి కావలసినంత తీరికగా దవడను మరల నతికెను. నాటినుండి కొమ్ముగిరిలో తొలిచెఱకు కొఱుకు హక్కు సింహముదే యయ్యెను. ప్రభువులు రసము మాత్రము త్రాగుదురు. కొన్ని యేండ్లకొకమాఱు సున్నము సడలును. గానుగ తిరుగును. క్రొత్తయతుకు పడును. కాపాడవచ్చినది కాపాడబడుదానికంటె నించుక మెత్తనై యుండవలెనని తెలియుటకు ఆ రాజులు పండ్లన్నియు నిచ్చుకొనవలసివచ్చెను. సింహము మాత్రము లేతరంగు దవడతో నోరు తెఱచి యిప్పటికిని వచ్చు దసరాకై యెదురుచూచుచున్నది.