పసిపిల్లల గది తలుపు

నేను ఒక చిప్పును. చింతగింజంత ఉంటాను. దుమ్ము చొరబడని గదిలో, ముసుగులు కట్టుకున్న మనుషుల చేతుల్లో పుట్టాను. నాలో నాలుగు బుర్రలున్నాయి. పెట్టిన చోటే, కావలసిన పనికి నన్ను మలుచుకోవచ్చు. చిన్న బ్యాటరీ ఉంటే చాలు, బతికేస్తాను. నన్నెవరూ ఏమార్చలేరు. అందుకే మనుషులు ఒకరినొకరు నమ్మరు గానీ నన్ను నమ్ముతారు.

మొదట ఒక రొయ్యల చెరువులో నీటి వేడి చూశాను. చెరువు మూతపడ్డాక, అనకాపల్లి దగ్గర బట్టలు కుట్టే కంపెనీలో పసిపిల్లల గది తలుపుకు బిగించారు. తల్లి వేలిముద్ర కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది; ఒకరి ముద్ర మీద ఇంకొకరు వెళ్లకూడదు. అంతకుముందు ఎవరో ఒక బిడ్డను ఎత్తుకుపోబోయారట. మిషను పెట్టాల్సిందేనని అందరికంటే గట్టిగా పోట్లాడింది నూకరత్నం. చంటివాణ్ణి లోపల వదిలి, ప్రాణమంతా వాడి మీదే పెట్టుకుని కాజాలు కుట్టే కుర్ర తల్లి.

నా మూడు బుర్రలకు పని అప్పగించారు: ముద్ర చదవడం, పోల్చడం, ఆ రెంటికీ కాపలా. అనుమానమొస్తే ఒక మనిషిని అడగడం నాలుగోదానికి నేర్పుదామనుకున్నారు. చివరికి ఖర్చు దండగన్నారు. అది నిద్రపోయింది.

ఆషాఢం వచ్చింది. నూకరత్నం వేళ్లకు అత్తగారు టోపీల్లా గోరింటాకు పెట్టింది. ఎర్రగా పండింది. మర్నాడు పాలిచ్చే వేళకు పరుగున వచ్చి బొటనవేలు ఆనించింది. ఆ ఎరుపులో గీతలు నాకు కలవలేదు. కాదన్నాను. మళ్లీ ఆనించింది. కాదన్నాను.

"నీ మిషను మాయత్తకన్నా గయ్యాళి మావా! నువ్వు తియ్యి, గుంటడు ఏడుస్తన్నాడు."

"నువ్వు నాకు తెల్దేటే?" అన్నాడు కాపలా అప్పలకొండ. "తాళం పెద్దసారు కాడుంది. ఆయన వైజాగెల్లాడు. ఆసాడం సోకులు ఎవులెట్టుకోమన్నారు నిన్ను?"

తలుపు లోపలి నుంచి తెరుచుకోదు; ఆయా బిడ్డను తలుపు అద్దం దగ్గరకు ఎత్తి చూపించింది. వాడు అద్దాన్ని నాకాడు. నూకరత్నం జాకెట్టు తడిసిపోయింది. ఎరుపు పోతుందని వేలిని సిమెంటు గోడకేసి రుద్దింది. చర్మం పోయింది, ఎరుపు పోలేదు. నెత్తుటి వేలు ఆనించింది.

కాదన్నాను.

గంట కొట్టారు. ఆమె కాజాల దగ్గరకు వెళ్లిపోయింది.

సాయంత్రం పెద్దసారు వచ్చి తలుపు తీసేసరికి వాడు ఏడవడం మానేశాడు. ఊరికే చూస్తున్నాడు. "నానే అడిగినాను ఈ మిషనుని," అంది నూకరత్నం, వాణ్ణి గుండెకదుముకుని. మళ్లీ పనికి రాలేదు. ఒక్క పరాయి వేలికైనా లొంగలేదని నన్ను మెచ్చుకున్నారు.

ముఖాలు చూసే కొత్త మిషను వచ్చాక నన్ను పాతసామాన్ల కొట్టుకు తోలేశారు. నాతోపాటే వచ్చిన, వేలు ఆనించే గాజు మీద ఎర్రటి మరక ఇంకా ఉంది. నా లెక్కలో అది ఇప్పటికీ ఎవరో పరాయి మనిషిదే.