ఎగతాళికి పెరిగే కారు

పొద్దున్నే టీ తాగి, మెడలో టేపు వేసుకుని, కర్టెన్లావిడ అన్నిటికన్నా ముందు కొలిచేది కారుని. టేపు చాలదు కాబట్టి, షెడ్డులో గచ్చు మీద దర్జీ సుద్దతో గీతలు పెట్టుకునేది. ముందు బంపరు దగ్గరొకటి, వెనక బంపరు దగ్గరొకటి. గీత దాటి బంపరు కనిపిస్తే, "నిన్న ఎవరో ఏదో అన్నారు" అనేది. లోపల గడ్డం గీసుకుంటున్న మొగుడు, "సంతలో ఒకాయన నవ్వాడు లేవే" అనేవాడు. అప్పుడు కొత్త గీత గీసి, పక్కసీటు మీదుగా కర్టెన్ల కడ్డీలు దూర్చి, పనికి బయల్దేరేది.

ఆ కొరియా కంపెనీ తొలిరోజుల్లో అమ్మిన బండ్ల గుణమే అంత. ఎగతాళి చేస్తే పెరుగుతాయి. ఎగతాళి చేసినవాడే మనస్ఫూర్తిగా మాట వెనక్కి తీసుకుంటే ఆ మేరకు తగ్గుతాయి. దీన్నెవరూ పెద్ద విశేషంగా చూడలేదు. టైర్లు అరగవా, రంగు వెలవదా, ఇదీ అంతే. సర్వీసుకి ఇస్తే, "ఈ మధ్య ఇంటికి చుట్టాలు గానీ వచ్చారా?" అని అడిగి, సీట్లు కాస్త వెనక్కి జరిపి బిగించి పంపేవాళ్ళు.

మరి నవ్వకేం చేస్తారు! అప్పట్లో ఆ బండి తలుపు వేస్తే బిస్కెట్ల డబ్బా మూత చప్పుడయ్యేది. గతిలేనివాళ్ళు కొనే బండి అది. ఒక బడిపంతులు దాన్ని తీసుకెళ్ళి మామగారింటి ముందు ఆపిన పాపానికి, తిరిగొచ్చేసరికి ఇంటిల్లిపాదీ పట్టే బండైంది. ఒక నర్సమ్మది మరో కష్టం. ఆవిడంటే అందరికీ గౌరవం, ఒక్కరూ ఏమీ అనరు. పాపం వాళ్ళమ్మని వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చోబెట్టాల్సొచ్చేది.

కానీ ఆ బండ్లు చెడిపోలేదు, అదే చిత్రం. ఖరీదైన బండ్లు రోడ్డు పక్కన మూత తెరుచుకుని పొగలు కక్కుతుంటే ఇవి పక్కనుంచి చక్కా పోయేవి. కంపెనీవాళ్ళు ఎవరూ ఇవ్వనన్నేళ్ళ గ్యారంటీ ఇచ్చారు, ఇచ్చిన మాట మీద నిలబడ్డారు. ముందు టాక్సీవాళ్ళు కొన్నారు. ఆ టాక్సీలెక్కినవాళ్ళు కొన్నారు. చివరికి నవ్వినవాళ్ళే వెయిటింగ్ లిస్టులో నెలల తరబడి పడిగాపులు కాశారు. "తెలీక అన్నామండీ" అని ఒక్కొక్కరూ మాటలు వెనక్కి తీసుకోవడంతో పాత బండ్లన్నీ పుట్టినప్పటి సైజుకి వచ్చేశాయి. కర్టెన్లావిడ బండి ఒక్కటే రాలేదు. దాన్ని అన్నేసి మాటలన్నది ఆమె బావ మరి. మాట వెనక్కి తీసుకోవడం ఆ మనిషి ఒంట్లోనే లేదు.

బావంటే సొంత అక్క మొగుడు. ఊళ్ళో పెద్ద గ్యారేజీ ఆయనది, వచ్చేవన్నీ గొప్పవాళ్ళ బండ్లు. కర్టెన్లావిడ మొగుడు అక్కడే హెడ్ మెకానిక్. చెమటోడ్చి ఈ చిన్న బండి కొనుక్కొచ్చిన రోజున బావ పనివాళ్ళందర్నీ పిలిచి మరీ నవ్వాడు. "అగ్గిపెట్టెకి చక్రాలేయించావేంరా తోడల్లుడూ!" అన్నాడు. "దీన్ని కడగడమెందుకు, ఉతికి ఆరేసుకో" అన్నాడు. అక్కడికక్కడే బండి జానెడు సాగింది. ఆ మాటలకి ఆమె ఏడవలేదు. వేళాకోళమే కదా, పోనీలే అనుకుంది.

పోనివ్వలేనిది తరవాత వచ్చింది. గ్యారేజీలో బాగుచేసి పంపిన ఒక పెద్దాయన బండికి బ్రేకులు పడలేదు. ఆయన కాలు విరిగింది. తప్పంతా తోడల్లుడిదేనని బావ ఊరంతా టాంటాం వేశాడు. "చెయ్యి మొద్దుబారిపోయింది వాడికి. చుట్టరికం చూసి ఇన్నాళ్ళూ భరించాను" అన్నాడు. ఆ ఒక్క మాటతో అన్ని గ్యారేజీల తలుపులూ మూసుకుపోయాయి. బంగారంలాంటి పనివాడు ఇంట్లో కూర్చుని కర్టెన్లకి రింగులు కుట్టే పనిలో పడ్డాడు. పోనీ ఒక్కసారైనా నోరు విప్పాడా? లేదు. "నేను చెయ్యలేదు" అని భార్యతో అన్నాడు, అంతే. ఊరితో ఆ మాట కూడా అనలేదు. నోట్లో నాలుక లేని మనిషిని కట్టుకున్నాను దేవుడా అని ఆమె తల బాదుకుంది. రోజూ ఉదయం ఆ గీతలు చూసినప్పుడల్లా ఆమె కడుపు భగ్గున మండేది. ఆమెకి కావాల్సింది ఒక్కటే. అబద్ధమన్న ఆ నోటితోనే, పదిమంది ముందు, బావ నిజం చెప్పాలి. అది వినకుండా చస్తే కట్టె కూడా కాలదనుకుంది.

ఇలా ఉండగా గొప్పవాళ్ళు కూడా కొరియా బండ్లకి మారిపోయారు. బావ గ్యారేజీ ఈగలు తోలుకునే స్థితికొచ్చింది. ఏం చేస్తాడు, అదే కంపెనీ షోరూముకి అర్జీ పెట్టుకున్నాడు. మంజూరైంది కూడా! ప్రారంభానికి కొరియా నుంచి పెద్దలొస్తున్నారని, ఈ ఊళ్ళో ఇంకా తిరుగుతున్న అన్నిటికన్నా పాత బండిని వాళ్ళు చూడాలనుకుంటున్నారని కబురొచ్చింది. ఆ బండి ఎవరిదో వేరే చెప్పాలా?

బావ అక్కని వెంటేసుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"మరదలా, నీ... ఆ బండి ఒకసారి కావాలి. షోరూములో పెట్టాలి."

"తీసుకెళ్ళండి బావా. దానికేం భాగ్యం!"

"ఊరికే వద్దులే, అద్దె..."

"అయినవాళ్ళ దగ్గర అద్దేంటి బావా? దాని మీద కప్పడానికి మంచి శాటిన్ ముసుగు కూడా నేనే కుట్టిస్తాను."

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని, "నీది ఎంత మంచి మనసే" అని కళ్ళు తుడుచుకుంది. ఆ అక్కకి లోకం పోకడ తెలీదు. మొగుడు చెప్పిందే వేదం.

వాళ్ళటు వెళ్ళగానే మొగుడు అడిగాడు. "ఎందుకొప్పుకున్నావు? నీ కళ్ళు చూస్తే నాకు భయంగా ఉంది."

"బండికి పేరొచ్చిందండీ. మీకు రాలేదు."

"నాకొద్దు. వదిలెయ్."

"మీరు వదిలేశారుగా. నా వంతు నన్ను చూసుకోనివ్వండి."

ముసుగు కుట్టడానికి కొలతలు తీసుకుందామని ఆమె షోరూముకి వెళ్ళింది. రెండు లావుపాటి స్తంభాల మధ్య, వెనక గోడకి ఆనించి బండిని నిలబెట్టారు. ముందు కొత్తగా అద్దాల గోడ, బండ్లు బయటికి పోవడానికి దానికో జరిపే తలుపు బిగిస్తున్నారు. బంపరుకీ అద్దానికీ మధ్య ఒక మనిషి నిలబడేంత జాగా, అంతే. బావ దగ్గరుండి కొలిపించి మరీ కట్టిస్తున్నాడు. ఎంత తెలివితక్కువ పని! గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టుకి కాస్త వదులుతామా లేదా? ఆ మహానుభావుడు అన్నిటికీ చోటు వదిలాడు, తన నోటికి మాత్రం వదల్లేదు. ఆమె ఒక్క మాట అనలేదు. ముసుగు మాత్రం బాగా వదులుగా కుట్టింది.

ప్రారంభం రోజు ఊరి పెద్దలంతా వచ్చారు. కొరియా పెద్దలు సూట్లు వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. పక్కన దుబాసీ. వచ్చిన ప్రతి మాటనీ వాళ్ళ చెవిలో వేయడం అతని ఉద్యోగం. ఎర్ర రిబ్బను బండి ముందే కట్టారు. బావ అద్దానికి వీపు పెట్టి, బంపరుకి ఎదురుగా నిలబడ్డాడు. కత్తెర పెట్టిన పళ్ళెం పట్టుకుని అక్క ఓ పక్కన. ముసుగు లాగడానికి కర్టెన్లావిడ మరో పక్కన. మొగుడు రానంటే రానని, చివరికి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

బావ ఉపన్యాసం మొదలెట్టాడు. నాణ్యత అన్నాడు, నమ్మకం అన్నాడు. బండి కదల్లేదు, మెదల్లేదు. పై పై మాటలు దానికి పట్టవు. చప్పట్ల మధ్య ఆయన చెమట తుడుచుకుంటుంటే కర్టెన్లావిడ దగ్గరికి జరిగి, ఆయనొక్కడికే వినపడేట్టు అంది.

"ఏమాటకామాటే బావా. మీ కొత్త బండ్లన్నీ నా బండి పక్కన వెలవెలబోతున్నాయి. మీ షోరూముకి దీనివల్లే కళ వచ్చింది."

ఉక్రోషం ఆపుకోవడం ఆయన తరమా! "ఈ డబ్బాకా?" అని పళ్ళ సందుల్లోంచి అన్నాడు. "నా గ్రహచారం బాగోక ఈ రేకుముక్క పక్కన నిలబడ్డాను గానీ!"

ఆమె చప్పున ముసుగు లాగింది. బంపరు ముందుకి జరిగింది, రిబ్బను దానంతటదే తెగింది. బావ వెనక్కి తగ్గబోతే వీపుకి అద్దం తగిలింది.

"ఛీ, దరిద్రపు డబ్బా!" అన్నాడు కంగారులో.

బంపరు మోకాళ్ళకి ఆనింది. "దీని మొహం తగలెయ్య!" అన్నాడు. బానెట్ పొట్టకి ఆనింది. అద్దం కిర్రుమంది. జనం లేచి నిలబడ్డారు.

"బావా, నోరు మూసుకోండి. ఇంకొక్క మాటంటే పచ్చడైపోతారు" అంది కర్టెన్లావిడ, చాలా తీయగా.

"ఎవరైనా లాగండ్రా దీన్ని!"

"వెనక గోడ, ఈ పక్కా ఆ పక్కా స్తంభాలు. ఎటు లాగుతారు? మాటలు వెనక్కి తీసుకోండి. మరో దారి లేదు."

"అవును, వెనక్కి తీసుకోండి" అన్నాడు జనంలోంచి బడిపంతులు. "మా మామగారూ తీసుకున్నారు. కాసేపు సిగ్గుగా ఉంటుంది, అంతే."

బావకి కక్కలేక మింగలేక అయింది. చివరికి ఊపిరాడక దిగొచ్చాడు. "డబ్బా అన్నాను, తప్పు" అన్నాడు. వేలెడు తగ్గింది. "అగ్గిపెట్టె అన్నాను. కాదు. మంచి బండి." మరో వేలెడు. "ఉతికి ఆరేసుకోమన్నాను..." జనం నవ్వారు. దుబాసీ అదీ చెప్పాడు, కొరియా పెద్దలు మాత్రం నవ్వలేదు. అన్నవన్నీ ఒక్కొక్కటే పేరు పేరునా ఏరుకున్నాడు బావ. కర్టెన్లావిడకి కడుపులో చల్లటి నీళ్ళు పోసినట్టయింది. ఇన్నేళ్ళ మంట!

మోకాళ్ళ మీద ఒత్తిడి తగ్గింది గానీ పొట్ట మీద బానెట్ బరువు మాత్రం పోలేదు.

"ఇంకో మాట ఉంది బావా" అంది ఆమె.

"లేదు. అన్నీ అయిపోయాయి."

"బండికి తెలీదా?"

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి మొగుడు పరిగెత్తుకొచ్చాడు. "వద్దన్నయ్యా, చాలు. అద్దం పగలగొట్టి బయటికి తీద్దాం. ఇంకేం చెప్పకు" అన్నాడు. ఆమె తెల్లబోయింది. తన పరువు పోయిన మనిషి, ఆ పరువు తిరిగొచ్చే వేళకి అడ్డం పడతాడేమిటి?

కానీ బావ అప్పటికే ఆగలేని స్థితిలో ఉన్నాడు. ముఖం కందగడ్డలా అయింది.

"ఈ బండిలోనే అన్నాను. ఇతని పక్కసీట్లో కూర్చుని. నువ్వూ నీ డబ్బా ఒకటేరా, చెత్తలో పారేసినా అడిగే దిక్కుండదు, తప్పు నీ మీద వేసుకో అన్నాను. ఆ బ్రేకు సామాను పాతది. ఇతను వెయ్యనన్నాడు. ఇతను ఇంటికెళ్ళాక నేనే వేయించాను. బయటపెట్టావంటే గ్యారేజీ మూసేస్తారు, మీ వదిన రోడ్డున పడుతుంది, ఆ పాపం నీదే అన్నాను. అందుకని ఇతను నోరు మూసుకున్నాడు. తప్పు నాది. ఇతను మంచి పనివాడు. నాకన్నా మంచివాడు."

మనస్ఫూర్తిగానే అన్నాడు కాబోలు, బండి ఒక్కసారిగా సర్దుకుంది. బావ జారి నేల మీద కూలబడ్డాడు. దుబాసీ చివరి ముక్క చెప్పడం పూర్తి చేశాడు. కొరియా పెద్దల్లో తెల్లజుట్టాయన లేచి, ఎవరితోనూ చెయ్యి కలపకుండా, నేరుగా మెకానిక్ ముందుకొచ్చి నడుం వంచాడు. మిగతావాళ్ళూ ఆయన వెనకే వంగి, బయటికి నడిచారు. షోరూము ఇంకెవరికిస్తారో గానీ, బావకి మాత్రం దక్కదని అక్కడున్న పిల్లలకి కూడా అర్థమైంది.

కర్టెన్లావిడ కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. గెలిచానని మొగుడి వైపు తిరిగితే, ఆయన తనని చూడటం లేదు. వదిన వైపు చూస్తున్నాడు. ఆ చూపు వెంటే ఆమె కూడా తలతిప్పింది. అక్క పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడి ఉంది. అప్పుడర్థమైంది ఆమెకి. మొగుడు ఇన్నేళ్ళు దాచింది పిరికితనం కాదు, అక్క సంసారం. దాన్ని తన చేతుల్తో తనే నడిబజార్లో పెట్టింది.

"అక్కా..." అంది.

అక్క పళ్ళెం బానెట్ మీద పెట్టి, మొగుడి ముందుకెళ్ళి నిలబడింది.

"నా పేరు చెప్పి ఇతని నోరు నొక్కావా?"

ఎప్పుడూ 'ఏమండీ' తప్ప అనని మనిషి. బావ తలెత్తాడు.

"నీకోసమే కదే..."

"నన్నడిగావా? రోడ్డున పడతావా, ఇంకొకడి బతుకు మీద కూర్చుని తింటావా అని ఒక్కసారైనా అడిగావా? రోడ్డే నయమనేదాన్ని."

అని, మరిది చెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, పద" అంది. బానెట్ ఒత్తిడి పోవడంతో కదలొచ్చిన అద్దాల తలుపుని పక్కకి జరిపించింది. అతన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి తను పక్కన ఎక్కింది. ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ చెల్లెల్ని, "నువ్వు రావా? నీ మీదా కోపముంది, ఇంటికెళ్ళాక చెప్తాను. ముందు ఎక్కు" అంది. ఆమె వెనక సీట్లో ఒదిగింది. బండి స్టార్టయింది. అన్ని మాటలూ పోయాయి కదా, పుట్టినప్పటంత చిన్నదైంది. ముగ్గురి మోకాళ్ళూ ముందుకి గుచ్చుకుంటున్నాయి.

ర్యాంపు దిగుతుండగా వెనకనుంచి బావ పరిగెత్తుకొచ్చాడు. ఆపుకోలేకపోయాడు పాపం, అలవాటైన నోరు.

"నన్నొదిలి ఆ డబ్బాలో పోతావా? ఆ అగ్గిపెట్టెలోనా? పో, ఎంత దూరం పోతుందో చూస్తాను!"

అక్క తిరిగి చూడలేదు. హాయిగా కాళ్ళు చాపుకుంది.