గోడ ఇవతల ఆర్లీన్

కేక ముందు గోడ దాటి వచ్చేది. ఎందుకు కేకేశారో కారు రేడియో ఆ తర్వాత తీరిగ్గా చెప్పేది. ఆ మధ్యలో ఆర్లీన్ రేడియో మీట పట్టుకుని చెవులు రిక్కించేది.

ఆదివారం మధ్యాహ్నం, పోర్ట్ హాలెట్ బేస్‌బాల్ మైదానం బయట కార్లు నిలిపే చోట, అద్దాలు దించుకుని ఎండలో కూర్చుంది ఆర్లీన్. సంచిలో సీజనంతా చెల్లే టికెట్ ఉంది. లోపల మూడో బేస్ వెనక ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. అయినా ఆమె బయటే ఉంది. ఎందుకంటే వాళ్ల ఊరి జట్టు హెరాన్స్ వరుసగా పదిహేడు ఆటలు ఓడింది, దానికి కారణం ఆర్లీన్ అని తేలింది.

తేల్చినవాడు డెల్మార్. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఆమె వరుసలోనే కూర్చుంటాడు. ఆర్లీన్ మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకున్నన్నాళ్లూ జట్టు గెలిచింది. ఆమె కుంటుకుంటూ వచ్చి కూర్చున్న రోజు నుంచి ఓటమి పట్టుకుంది. బంతి పట్టాల్సినవాడు వదిలేస్తున్నాడు, కొట్టాల్సినవాడు గాలిని కొడుతున్నాడు, తప్పు మాత్రం ముసలిదాని కొత్త మోకాలిది. ఆడలేక మద్దెల ఓడని ఊరికే అనలేదు. ఇక్కడైతే ఆడేవాళ్లు కూడా కాదు, చూసేవాళ్లే మద్దెలను తిడుతున్నారు.

మొదట్లో అది వేళాకోళమే. "మోకాల్లో ఇనుము పెట్టించుకుంది, అసలైన ఐరన్ లెగ్ వచ్చేసింది, జరగండి జరగండి" అని డెల్మార్ అంటే అందరికంటే ఆర్లీనే ఎక్కువ నవ్వింది. పదో ఓటమి దాటాక ఎవరూ నవ్వలేదు. టోపీలు తిరగేసి పెట్టుకున్నారు. కుర్చీలు మారారు. డెల్మార్ చొక్కా ఉతకడం మానేశాడు. ఆ వాసనకి ఎదుటి జట్టు పారిపోవాలి గానీ, పక్కవాళ్లు మాత్రమే పారిపోయారు. చివరికి నిన్న అతను సిగ్గు విడిచి అడిగేశాడు.

"ఒక్క ఆట బయట కూర్చో ఆర్లీన్. నీకు పుణ్యముంటుంది."

"బుద్ధుందా నీకు?" అని లేచింది పక్క కుర్చీ ఓపల్. "వేరే ఊళ్లలో ఓడినప్పుడు ఇది అక్కడుందా?"

"వేరే ఊళ్ల దోషం వాళ్లది ఓపల్. మన దోషం మనం చూసుకోవాలి కదా."

ఆర్లీన్ సరేనంది. అనేశాక గానీ ఆమెకి అర్థం కాలేదు. ఇవాళ జట్టు గెలిచిందంటే ఆ కుర్చీ ఇక తనది కాదు. భర్త పోయాక ఆమెతో నలుగురు నోరారా మాట్లాడేది ఆ వరుసలోనే. అలాగని ఓడిపోవాలని కోరుకుందామంటే మనసు రాలేదు. చిన్నప్పటి నుంచీ ఆ జట్టు కోసం గొంతు చించుకున్న మనిషి మరి.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో ఆనవాయితీ ప్రకారం జనమంతా లేచి ఒళ్లు విరుచుకుని పాట పాడుతుంటే అది గోడ దాటి వినిపించింది. హెరాన్స్ రెండు పరుగులు వెనకబడి ఉన్నారు. బయట కూర్చున్నా వెనకబడే ఉన్నారు! ఆర్లీన్‌కి లోపలెక్కడో హాయిగా అనిపించింది. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే కారు తలుపు తెరుచుకుంది. ఓపల్ వచ్చి పక్కన కూలబడింది.

"ఎందుకొచ్చావే? బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వరుగా!"

"నడుం పట్టేసింది. ఆ కుర్చీలో ఎంతసేపని కూర్చుంటాను? రేడియో పెంచు."

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గోడ అవతల కేక పుట్టింది. ఆగలేదు. రేడియో చెప్పేదాకా ఇద్దరూ దాని మీదికి వంగి కూర్చున్నారు. హోమ్ రన్, బంతి మైదానం అంచు దాటిపోయింది. బేస్‌ల మీదున్న ఇద్దరితో కలిపి మూడు పరుగులు. హెరాన్స్ ఒక్క పరుగు ముందుకొచ్చారు.

తొమ్మిదో ఇన్నింగ్స్. ఎదుటి జట్టుకి ఆఖరి అవకాశం. ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడూ అవుటైతే ఆట హెరాన్స్‌దే. కానీ ఒకడు మూడో బేస్ మీద నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచి ఉరికితే ఆట సమం.

ఆర్లీన్ చెయ్యి తలుపు పిడి మీదకి పోయింది. ఇప్పుడు లోపలికి పరుగెత్తి కుర్చీలో కూర్చుంటే, తను చూస్తుండగా గెలిస్తే, ఇక ఎవరూ నోరెత్తరు. కానీ తను వెళ్లడం వల్లే ఓడితే? డెల్మార్ మాట ఆమె కూడా నమ్మేసింది, అదీ అసలు బాధ.

"వెళ్తావా?" అంది ఓపల్.

"వెళ్లను. గెలవనీ వాళ్లని." ఆ మాటంటుంటే ఆమెకి ఏడుపొచ్చింది.

గోడ అవతల ఒక్కసారిగా నిశ్శబ్దం. రేడియోలో ఇంకా బంతి విసిరే పిచ్చర్ దాన్ని చేతిలో తిప్పుకుంటూనే ఉన్నాడు. తర్వాత మైదానం బద్దలైనట్టు కేక. వేలమంది కాళ్లు మెట్ల మీద దబదబలాడాయి. రేడియో సంగతి చెప్పేలోగానే ఓపల్ ఆర్లీన్‌ని కావలించుకుంది. ఆర్లీన్ నవ్వింది, ఏడ్చింది, ముక్కు తుడుచుకుంది. గెలిచారు. కుర్చీ పోయింది.

డెల్మార్ తిరగేసిన టోపీతో పరుగెత్తుకొచ్చి కారు పైన చరిచాడు. "చెప్పానా! ఆర్లీన్, ఏమీ అనుకోకు, సీజన్ అయ్యేదాకా నువ్వు ఇక్కడే..." అంటూ వంగి లోపలికి చూసి ఆగిపోయాడు. "ఓపల్, నువ్వేంటిక్కడ? తినడానికేదో కొనుక్కోవడానికెళ్లావనుకున్నానే."

"ఏడో ఇన్నింగ్స్ నుంచీ ఇక్కడే ఉన్నా. ఆర్లీన్ ఒక్కతే బయటుంటే మనం వెనకబడ్డాం. నేనూ బయటికొచ్చాకే గెలిచాం. ఇప్పుడు లెక్కేసి చెప్పు. శని ఎవరు?"

డెల్మార్ తిరగేసిన టోపీ తీసి సరిగ్గా పెట్టుకున్నాడు. ఆర్లీన్ స్నేహితురాలి వైపు చూసింది. మూడు వారాలుగా ఎదురుచూసిన గెలుపు కళ్లారా చూడకుండా వదులుకుని వచ్చి కూర్చుంది ఓపల్. నడుంనొప్పీ లేదు, పాడూ లేదు.

ఆర్లీన్ కారు తాళంచెవి తీసి కిటికీలోంచి చాచింది. "రేపు మేమిద్దరం లోపలికొస్తున్నాం డెల్మార్. నీకు అంత భయమైతే నువ్వొచ్చి ఇక్కడ కూర్చో. రేడియో బాగానే పలుకుతుంది."

డెల్మార్ తాళంచెవి వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"వేరుశెనక్కాయలు నేను తెస్తాలే," అన్నాడు. "ముగ్గురికీ."