దర్జీ బావ తెల్ల సెడాన్

పాత కార్ల యార్డులో కార్లకు వెల కట్టడం ఆమె ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా అదే పని. అక్కడ అందరూ ఆమెను జడ్జిగారు అంటారు. కారు తెచ్చినవాళ్లు ఆమె చెప్పిన అంకె విని ఇంకోసారి చెప్పమంటారు. ఆ తర్వాత తమ కారు గురించి ఆమెకు తెలియని సంగతులు చెప్పడం మొదలుపెడతారు. ఆమె అన్నీ ఓపిగ్గా వింటుంది. అంకె మాత్రం మార్చదు.

ఒక మంగళవారం ఉదయం గేటులోంచి పొడుగాటి తెల్ల సెడాన్ వచ్చి ఆమె గది ముందు ఆగింది. దిగినవాడు ఆమె బావ, స్వయానా అక్క భర్త.

బావ కోట్లు కుట్టే దర్జీ. కొలతలు తీసుకునేటప్పుడు మనిషి మొహం చూడడు, భుజాలు చూస్తాడు. నాలుగేళ్ల క్రితం ఆ కారు కొత్తది కొన్నప్పుడు ఎవరినీ సలహా అడగలేదు. మరదలిని అసలే అడగలేదు. వెల కట్టేవాళ్లు వెల చెబుతారే గానీ విలువ చెప్పరు అన్నాడట. ఆ మాట అక్క ఫోన్ చేసి మరీ చేరవేసింది.

కారును ఆయన చూసుకున్న తీరు చుట్టాలందరికీ తెలుసు. వాన పడితే షెడ్డులోంచి తీసేవాడు కాదు. సీట్లకు షోరూమువాళ్లు తొడిగిన ప్లాస్టిక్కు ఇంకా అలాగే ఉంది. మొదటి ఏడాది అక్క చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది. రెండో ఏడాది నుంచి దులుపుకుని ఎక్కితే చాలన్నాడు.

ఇప్పుడు అమ్మడానికి కారణం అక్క మోకాళ్లు. ఆ సీట్లు మరీ కిందికి ఉంటాయి. కూర్చోవడమంటే కూలబడటమే. లేవాలంటే ఒకరు ముందు నుంచి లాగాలి, ఒకరు వెనక నుంచి ఎత్తాలి. ఎత్తు సీట్ల బండి చూసుకోండని డాక్టరు చెప్పాడు.

సొంతవాళ్ల కారుకు తాను వెల కట్టకూడదనీ పక్క గదిలోని సహోద్యోగి చూస్తాడనీ ఆమె అంది. బయటివాడి చేతిలో పెట్టనన్నాడు బావ. ఇక తప్పలేదు.

రంగు మందం కొలిచే మీటరు పెట్టి ప్రతి తలుపూ చూసింది. తలుపుల రబ్బర్లు లాగి చూసింది. ఇంజను ఆన్ చేసి విన్నది. కారును లిఫ్టు మీద పైకి ఎత్తించి అడుగుభాగం టార్చి వేసి చూసింది. స్పీడు బ్రేకర్లు రాసుకున్న రెండు గీతలు తప్ప ఏమీ లేవు. స్టెప్నీ టైరు నేలను తాకనేలేదు. ముప్పావు గంట వెతికినా ఒక్క లోపం దొరకలేదు. ఆమెకు దిగులు పట్టుకుంది. లోపముంటే దాని మీదికి నెట్టి చెప్పడం తేలిక.

అంకె చెప్పింది. కొన్న ధరలో మూడో వంతు కూడా లేదు.

బావ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏం పాడైందీ?" అన్నాడు.

"ఏమీ పాడవలేదు బావా. కారు బంగారం."

"మరి?"

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. ఆయన కొన్న రెండేళ్లకే కంపెనీ ఆ మోడలు తయారీ ఆపేసింది. ముందు లైటు పగిలితే కొత్తది దొరకడానికి నెలలు పడుతుంది. జనానికి ఎత్తు బండ్ల మీద మోజు పెరిగింది, పొడుగు బండ్లను అడిగే నాథుడు లేడు. అన్నిటికంటే పెద్ద దెబ్బ, మిగిలిపోయిన బండ్లన్నీ ఒక టాక్సీ సంస్థ గంపగుత్తగా కొనేసింది. అవన్నీ తెల్లవే.

"నాది టాక్సీ కాదు" అన్నాడు బావ.

"నాకు తెలుసు. కొనేవాడికి తెలియదు. మీరు కుట్టిన కోటు ఎంత బాగున్నా, ఒకరు వేసుకున్నాక ఇంకొకరికి అమ్మితే ఎంతొస్తుంది చెప్పండి?"

"అది ఒక మనిషి కొలతకి కుట్టింది."

"ఇదీ మీ కొలతకే కొన్నారు."

ఆయన తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. మరదలు జీతమిచ్చేవాళ్ల పక్షాన మాట్లాడుతోందని ఇంటికెళ్లి అక్కతో అన్నాడు. ఆ వారంలోనే ఇంకో మూడు యార్డులు తిరిగాడు. ఒక్కొక్కచోట ఒక్కో మెట్టు కిందికి దిగింది అంకె. మూడో యార్డుకు వెళ్తుంటే సిగ్నలు దగ్గర చేతిసంచితో ఒకావిడ వెనక తలుపు తీసుకుని ఎక్కి, ప్లాస్టిక్కు మీద సర్దుకుని, రైల్వే స్టేషన్‌కు పోనిమ్మంది. ఇది టాక్సీ కాదమ్మా అని చెప్పేలోపే పచ్చ లైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. బావ స్టేషన్ దాకా తీసుకెళ్లి దింపాడు. ఛార్జీ ఎంతని ఆవిడ అడిగితే అక్కర్లేదన్నాడు. దిగాక ఆవిడ అనుమానంగా చూసి నంబరు ప్లేటును ఫోటో తీసుకుంది.

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు గానీ, సీటు కింద ఆవిడ మరిచిపోయిన గొడుగు అక్క కంటబడింది.

ఈలోగా జడ్జిగారికి ఒక మనిషి గుర్తొచ్చాడు. అదే మోడలు నడిపే టాక్సీ డ్రైవరు. అతని బండి మూడున్నర లక్షల కిలోమీటర్లు తిరిగి అలసిపోయింది. అలాంటిదే, బాగున్నది ఉంటే చెప్పమని రెండు నెలలుగా యార్డు చుట్టూ తిరుగుతున్నాడు. కానీ ఈ కబురు బావకు ఏ నోటితో చెప్పాలి? అక్కకు ఫోన్ చేసింది.

"నేను చెబుతాలే. ఆయన నా మాట వినకపోయినా నా మోకాళ్ల మాట వింటారు" అంది అక్క.

శుక్రవారం మధ్యాహ్నం బావ కొట్టు ముందు బావ, జడ్జిగారు, డ్రైవరు ముగ్గురూ కలిశారు. డ్రైవరు మీటరూ టార్చీ ఏమీ తేలేదు. నాలుగు సీట్లలోనూ వరుసగా కూర్చున్నాడు. నాలుగు తలుపులూ వేసి, ఆ చప్పుడు తల వంచి విన్నాడు. బావ గుమ్మంలో నిలబడి అతని చేతులనే చూస్తున్నాడు. పని వచ్చినవాడు పని వచ్చినవాణ్ని చూసే చూపు అది.

"సార్, ఈ బండి మీరు నడపనేలేదు" అన్నాడు డ్రైవరు.

"జాగ్రత్తగా వాడాను."

"అదే అంటున్నా. ఏళ్ల తరబడి ఇందులోనే నా బతుకు. దీన్ని టాక్సీవాళ్లు ఎందుకు కొన్నారో తెలుసా? చెడిపోదు. రోజుకి పద్నాలుగు గంటలు తిప్పినా మొండికెయ్యదు. ఇంత మంచి బండి కాకపోతే మేం కొనేవాళ్లం కాదు, మీ ధరా పడిపోయేది కాదు."

నాలుగేళ్లలో ఆ కారును బయటి మనిషి మెచ్చుకోవడం బావ వినడం అదే మొదటిసారి. కాసేపు టేపు మెడలో సర్దుకున్నాడు. డ్రైవరు చెప్పిన ధర యార్డు ధరకంటే కొంచెమే ఎక్కువ. బేరమాడలేదు. కాగితాల మీద సంతకాలు అక్కడే అయిపోయాయి.

సంతకాలు కాగానే డ్రైవరు వెనక సీటు ప్లాస్టిక్కు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అది సగం చిరిగి వేలాడింది.

"చింపకు" అన్నాడు బావ. లోపలికెళ్లి పెద్ద కత్తెర తెచ్చాడు. కుట్టు వెంబడే నిదానంగా, గుడ్డను కత్తిరించినట్టు, సీటు తర్వాత సీటు ఒలిచాడు. జడ్జిగారు ఆ ముక్కల్ని మడతపెట్టి పక్కన పెట్టింది. కింద బూడిదరంగు బట్ట నిన్న నేసినట్టుంది. బావ దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూశాడు.

"మంచి నేత" అన్నాడు. ఆ మాట అనడానికి నాలుగేళ్లు ఆగాల్సివచ్చిందని ఆమెకు అనిపించింది.

ఇంటి దగ్గర దింపుతానన్నాడు డ్రైవరు. బావ అలవాటుగా స్టీరింగు వైపు తలుపు దాకా నడిచి, అక్కడ ఆగి, వెనక తలుపు తీసి ఎక్కాడు. కాళ్లు చాపుకుని చూసుకున్నాడు.

"వెనక ఇంత చోటుందా" అన్నాడు.

ఆ శనివారం అక్క యార్డుకు వచ్చింది. పదకొండు ఎత్తు బండ్లు వరుసగా ఎక్కి దిగింది. ప్రతి బండికీ బావ నేల నుంచి సీటు దాకా టేపు పెట్టి కొలిచి, అంగుళాలు తన కొలతల పుస్తకంలో రాసుకున్నాడు. తొమ్మిదో బండిలోంచి అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి నిలబడింది. అది మట్టిరంగు బండి. ఆ రంగు బావకు బొత్తిగా గిట్టదు, ఆ రంగు కోటు గుడ్డ కొట్లో పెట్టనే పెట్టడు. పుస్తకం మూసి, ఇదే ఖాయం చెయ్యమన్నాడు.