ఎవరూ విరగ్గొట్టని కప్పు

నీలం కప్పు చెవి ఎలా పోయిందో ఎవరికీ తెలియదట, పొద్దున్నే దాని మీదే రభస, నేను ముట్టుకోలేదని కూతురు, నేనసలు అందులో తాగనే తాగనని ఆయన, పాతదైపోయింది, దానంతటదే విరిగి ఉంటుందని అత్తయ్య, అలా అంటూనే ముగ్గురూ నా వైపు చూశారు, నేనే సింకులో గట్టిగా పెట్టి ఉంటానన్నాను, అంతే, గొడవ చల్లారింది, విరిగిన ముక్క మాత్రం చెత్తబుట్టలో లేదు, అడగాలనిపించలేదు, ఈ మధ్య ఏదీ అనిపించడం లేదు, వేడినీళ్ళలో చేతులు పెట్టినా ఆ వేడి కాసేపటికి గానీ తెలియదు.

సబ్బు డబ్బాకి ఆనించిన ఫోనులో స్పానిష్ టీచరమ్మ, వారం నుంచి ఒకే మాట దగ్గర ఆగిపోయాను, సే, ఒక్క అక్షరం, దాని అర్థం 'తాను' అనుకుంటే ఒకచోట కుదురుతుంది, ఇంకోచోట కుదరదు, సే రొంపియో లా తాసా, కప్పు విరిగింది, ఇందులో తాను ఎవరు, పది వాక్యాలు రాసి పంపితే పదింటిలోనూ నేను విరగ్గొట్టాను, నేను పారేశాను, నేను మరిచిపోయాను అనే రాశానట, ఆవిడ నవ్వి, ఏమ్మా, మీ ఇంట్లో పగిలేవన్నీ నువ్వే పగలగొడతావా అంది, సే పెట్టి చూడు, చేసినవాళ్ళు తెర వెనక్కి పోతారు, పని మాత్రం అయిపోయి కనిపిస్తుంది, నేనూ నవ్వాను, పెదవులే నవ్వాయి.

ఉతకబోతే కూతురి జీన్సు జేబులో నీలం ముక్క, కోపం కూడా రాలేదు, కిటికీ గట్టు మీద పెట్టాను, ఫ్రిజ్ మీద తెల్లబోర్డు, మరుపు రాకుండా పెళ్ళైన కొత్తలో నేనే తగిలించాను, పదిహేడేళ్ళుగా దాని మీద ఎవరూ పేరు రాయరు, బల్బు పోయింది, గుండీ ఊడింది, మందులు అయిపోయాయి, రాసి వెళ్ళిపోతారు, సాయంత్రానికి బల్బు వెలుగుతుంది, గుండీ అతుక్కుంటుంది, ఇప్పుడు ఆయన గుండ్రటి అక్షరాలు, శుక్రవారం పదింటికి అమ్మకి కంటి డాక్టరు, శుక్రవారం పదింటికే నా స్పానిష్ పరీక్ష, పాసైతే అనువాదాల ఆఫీసులో చోటు, కిందటిసారి కుళాయి బాగుచేసే అతను వస్తాడని వెళ్ళలేదు, ఈసారీ రాకపోతే పేరు తీసేస్తామని ఉత్తరం రాశారు, ఆయనకి చూపించాను, చూద్దాంలే అన్నారు, ఎవరు చూస్తారో చెప్పలేదు, టీచరమ్మా, మీ సే నాకు రానిదేం కాదు, తెర వెనక్కి పోయినవాళ్ళు ఎక్కడికీ పోరు, ఇక్కడే సింకు ముందు నిలబడి ఉంటారు.

మార్కరు మూత బిగుసుకుపోయింది, పంటితో లాగాను.

రాత్రి భోజనాల దగ్గర ఉప్పు తక్కువైందని అత్తయ్య, పెరుగు అయిపోయిందని కూతురు, మంచినీళ్ళ సీసా కోసం లేచిన ఆయన ఫ్రిజ్ ముందే ఆగిపోయారు, ఇదేంటి, కంటి డాక్టరు పక్కన నా పేరు రాసి ఉందేంటి అన్నారు, కూతురి కళ్ళు కిటికీ గట్టు మీది నీలం ముక్క మీద పడి కంచంలోకి దిగిపోయాయి, నా గొంతు ఎక్కడో పక్కింట్లో మాట్లాడుతున్నట్టు వినిపించింది, రాసి ఉండడం కాదండీ, నేను రాశాను, శుక్రవారం అత్తయ్యని మీరు తీసుకెళ్ళండి, నేను పరీక్షకి వెళ్తున్నాను.