లీదియా వద్దన్నదట

అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరు? జాన్సన్ సార్ ల్యాబ్‌లో మోసేది లీదియా. ఏటా ఒకసారి యూనివర్సిటీ వాళ్ళు పరిశోధక విద్యార్థులకు సర్వే పంపుతారు. గైడ్ బాగా చూస్తున్నారా, వసతులెలా ఉన్నాయి, చదువయ్యాక ఉద్యోగానికి దారి చూపుతున్నారా అని అడుగుతారు. జవాబులు గోప్యంగా ఉంచుతాం, నిర్భయంగా రాయండి అని పైన పెద్ద అక్షరాలతో ఉంటుంది. గోప్యం మాట దేవుడెరుగు, ల్యాబ్‌లో ఎనిమిది మంది పాస్‌వర్డులూ లీదియా నోట్‌బుక్‌లోనే ఉంటాయి. ఏ ప్రశ్నకు ఏం పెట్టాలో సార్ గదిలోంచి ఒక కాగితం వస్తుంది. దాన్ని చూసి ఆమె అందరివీ నింపేస్తుంది. "నీకు ఓపిక ఎక్కువమ్మా" అంటారు సార్. ఇంట్లో అత్తగారు స్టెల్లమ్మ అనేదీ అదే మాట. ఐదింటికి లేచి మూడు క్యారియర్లు కట్టి, చందానగర్‌లో బస్సెక్కి నిలబడి వచ్చే మనిషికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒళ్ళు మండుతుంది, అంతే. మండుతోందని ఎవరికీ చెప్పదు.

ఆ శుక్రవారం సాయంత్రం ఐదుకి గడువు. మూడింటికి లీదియా కంప్యూటర్ ముందు కూర్చుంటుంటే జూనియర్ ప్రియదర్శిని బ్యాగు తగిలించుకుంది.

"అక్కా, నాది గూడ చేసెయ్యవా? మా అమ్మొచ్చింది, జర హాస్టల్‌కు పోయొస్త."

"ఒకసారి చదివైనా చూడవే."

"చదువుడేందక్కా, అంతా మస్తుందని పెట్టెయ్."

సార్ పంపిన కాగితం ముందేసుకుంది. పద్నాలుగో ప్రశ్న దగ్గర పేర్లు విడివిడిగా రాసి ఉన్నాయి. కంపెనీలో శిక్షణకు అవకాశం వచ్చిందా అన్నది ప్రశ్న. అనిల్: వచ్చింది, వెళ్తున్నాడు. లీదియా: వచ్చింది, కుటుంబ కారణాలవల్ల వద్దన్నది.

మూడుసార్లు చదివింది. జీడిమెట్లలో మందుల కంపెనీ, ఆరు నెలల శిక్షణ, పని నచ్చితే అక్కడే ఉద్యోగం. డిపార్ట్‌మెంటుకి రెండు సీట్లు వచ్చాయని విని, తనను పంపమని ఆమె జూన్‌లోనే సార్‌ని అడిగింది. "చూద్దాంలేమ్మా" అన్నారాయన. అప్పట్నుంచీ ఆ చూపు కోసమే ఎదురుచూస్తోంది. నెలాఖరుకి ఫెలోషిప్ అయిపోతుంది. ఆ తర్వాత ఏమిటన్నది అత్తగారు మొన్ననే తేల్చేశారు: "నువ్వింక ఇంట్లోనే ఉంటావుగా, పనమ్మాయిని మానిపించేద్దాం."

లీదియా కాగితం పట్టుకుని సార్ గదికి వెళ్ళింది.

"సార్, నేనెప్పుడు వద్దన్నాను?"

జాన్సన్ సార్ కళ్ళజోడు తీశారు. ఆయన చెడ్డవాడు కాదు. లీదియా వాళ్ళ చర్చిలో సంఘపెద్ద, ఆమె పెళ్ళిలో ప్రార్థన చేసినవాడు.

"కిరణ్ పాల్‌ని అడిగానమ్మా, క్రితం నెల ఆదివారం ఆరాధన అయ్యాక. వద్దులెండి సార్ అన్నాడు. నీకు చెప్పలేదా? నా మూలాన మీ ఇంట్లో గొడవలు రాకూడదు కదా."

ఆ ఆదివారం ఆమెకు బాగా గుర్తుంది. చర్చి వెనక పంపు దగ్గర, ప్రభు బల్లలో ద్రాక్షరసం పోసిచ్చే గ్లాసులు కడుగుతోంది. వేలెడంత గ్లాసులు, నూటికి పైనే. బండ్ల దగ్గర భర్త కిరణ్ పాల్, సార్ నవ్వుతూ మాట్లాడుకోవడం చూసింది. చర్చి పైకప్పు రేకుల సంగతి కాబోలనుకుంది.

"రెండో సీటు ఎవరికిచ్చారు సార్?"

"ఖాళీగానే ఉంది. ఈ సర్వేలో ఎవరైనా అడిగితే యూనివర్సిటీ వాళ్ళు పేరు రాసుకుంటారట. ఇప్పుడెందుకమ్మా అదంతా? కిరణ్‌తో ఒకమాట మాట్లాడు."

మెట్ల దగ్గర నిలబడి ఫోన్ చేసింది. కిరణ్ పాల్ మైండ్‌స్పేస్‌లో ఆఫీసులో ఉన్నాడు.

"అవును, అడిగారు. జీడిమెట్ల గాలి, ఆ కెమికల్ వాసనలు మనకెందుకు లీదీ? రేపు పిల్లలు పుట్టాల్సిన మనిషివి."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఐదేళ్ళుగా ఈ ల్యాబ్‌లో తను పీలుస్తున్నది మల్లెపూల వాసనా?

"నాతో ఒక్కమాట అనొచ్చుగా అండీ."

"చెప్తే బాధపడతావని. నీ మంచికేగా. సరే, మీటింగుంది. వచ్చేటప్పుడు అమ్మ బీపీ మాత్రలు తే."

ఫోన్ పెట్టేశాడు. లీదియా అక్కడే మెట్టు మీద కూలబడింది. ఇంకెవరికైనా చేద్దామని ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూసింది. అమ్మకు చేస్తే "సర్దుకోమ్మా, దేవుడు చూసుకుంటాడు" అంటుంది. చెల్లెలు షారోన్ "బావ మంచోడే కదే" అంటుంది. అందరికీ తనంటే ఇష్టమే. తిట్టేవాళ్ళు లేరు, కొట్టేవాళ్ళు లేరు. నీకేం కావాలే అని అడిగే మనిషి మాత్రం ఒక్కరూ లేరు. ఇంత పెద్ద ఊళ్ళో, ఇంతమంది సొంతవాళ్ళ మధ్య ఇంత ఒంటరిగా బతుకుతున్నానా అని ఆమెకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని లోపలికి వెళ్ళింది.

నాలుగుంబావు. తన ఫారమ్ తెరిచింది. ఇన్నేళ్ళూ చదవకుండా నొక్కేసిన ప్రశ్నలను మొదటిసారి చదివింది. ఈ చదువయ్యాక మీరు ఏం కావాలనుకుంటున్నారు? అని ఉంది ఒకచోట. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసిన ప్రశ్న.

థీసిస్ మీద సార్ సంతకం ఇంకా కావాలి. ఆయనకు కోపం వస్తే? కిరణ్ పాల్ నెల్లాళ్ళు మాట్లాడకపోతే? అత్తగారు? భయం వేసింది. అయినా పద్నాలుగో ప్రశ్న కింద రాసింది: "నేను వద్దనలేదు. నన్ను ఎవరూ అడగలేదు. రెండో సీటుకు నా పేరు రాసుకోండి. వెళ్తాను." పంపితే మళ్ళీ మార్చడానికి వీల్లేదు, పంపమంటారా అని కంప్యూటర్ అడిగింది. పంపింది.

మిగిలిన ఏడుగురి పాస్‌వర్డులు ఎవరివి వాళ్ళకు మెసేజ్ పెట్టి, ఎవరి ఫారమ్ వాళ్ళే నింపుకోండని గ్రూపులో రాసింది. నిమిషంలో ఫోన్ మోగింది.

"అక్కా, ఏందిది గిట్ల చేసినవ్? అర్ధగంటే ఉంది! అందులో ఏమడుగుతరో గూడ నాకు తెల్వదు!" ప్రియదర్శిని గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"చదువు, తెలుస్తుంది" అంది లీదియా.

తలుపు దగ్గర అలికిడైంది. జాన్సన్ సార్ టీ కప్పుతో నిలబడి ఉన్నారు.

"అందరివీ అయిపోయాయా లీదియమ్మా?"

"నాది అయిపోయింది సార్."