మగ్గం నొప్పి, గోలీ నొప్పి

మా సిద్దిపేట నేతవాడలో కాళ్ళు నొస్తున్నాయని ఎవడైనా అంటే నవ్వుతారు. గుంత మగ్గం మీద కూర్చున్నవాడికి కాళ్ళు నొయ్యక ఇంకేం నొస్తాయి? అందుకే పట్నంలో గుండె డాక్టరు, గోలీలు మొదలుపెట్టాక ఒంట్లో ఎక్కడైనా నొప్పులున్నాయా అని అడిగితే, ఏం లేవు సార్ అని చెప్పి వచ్చాను. అబద్ధమాడాలని కాదు. నా లెక్కలో అది నొప్పే కాదు.

అది తొంభై ఆరో సంవత్సరం. అంతకు ముందు దసరా వెళ్ళాక ఒకరోజు ఛాతీ బరువెక్కి చెమటలు పోశాయి. మా అన్న కాశీనాథం నలభై ఎనిమిదేళ్ళకే మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. నాకు ఆ దసరాకు యాభై రెండు నిండాయి. రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువైంది, రోజూ పడుకునే ముందు ఈ గోలీ వేసుకో అని డాక్టరు అంటే సరేనన్నాను. మాంసం కూడా మానేశాను.

రెండు నెలలకు తొడలు బిగుసుకుపోవడం మొదలైంది. నాకు మొదట మగ్గం మీదే అనుమానం. కాళ్ళతో తొక్కే చెక్కల తాళ్ళు మార్చాను. కూర్చునే పలకను రెండంగుళాలు ఎత్తు చేశాను. గుంతలో చెమ్మ చేరిందని అడుగు తవ్వి ఇసుక పోశాను. పోగు తెగితే నా భార్య భారతమ్మ మీద అరిచాను. నూలు కండెలు సరిగ్గా చుట్టడం లేదని ఆమెను అనని మాట లేదు.

అంతలో చేనేత సొసైటీలో నూలు అయిపోయి పన్నెండు రోజులు మగ్గం ఆగింది. కాళ్ళు తేలికపడాలి కదా. పడలేదు సరికదా, పీట మీంచి లేవాలన్నా గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"మగ్గం దిగి పన్నెండొద్దులాయె. ఇంక దాని మీదేం తప్పు వెడ్తవ్?" అంది భారతమ్మ.

అప్పుడు తెలిసింది దొంగ ఎవరో. ఎవరికీ చెప్పకుండా గోలీ మానేశాను. రోజూ ఒకటి తీసి పెరట్లో పారేసేవాణ్ణి. మూడు వారాలకు కాళ్ళు వదులయ్యాయి గానీ ఇప్పుడు గుండె భయం పట్టుకుంది. మగ్గం మీద నాడె అటూ ఇటూ ఆడిస్తూ ఆడిస్తూ ఆపి ఛాతీ మీద చెయ్యి వేసుకునేవాణ్ణి. గోలీ వేసుకుంటే మగ్గం తొక్కలేను, మానేస్తే అన్న దారే. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచేది కాదు. వాడలో ఒకాయన వెల్లుల్లి నమలమన్నాడు. ఇంకొకాయన మెంతులు నానబెట్టి తాగమన్నాడు. రెండూ చేశాను. నోరు వాసన కొట్టింది, భయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

పెరడు ఊడుస్తుంటే భారతమ్మకు గోలీలు దొరికాయి.  మంచి చీర కట్టుకుని నన్ను పట్నం బస్సెక్కించింది. గజ్వేల్ దాటేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నేను నోరు తెరిచేలోగా డాక్టరు ముందు అంతా తనే చెప్పేసింది.

డాక్టరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రక్తం పరీక్ష చేయించి, కండరాలకు ముప్పేమీ రాలేదని చెప్పి, వేరే గోలీ తక్కువ మోతాదులో రాశాడు. ఒక నెల మగ్గం ఎక్కొద్దన్నాడు.

"నొప్పి వస్తే అది గోలీదో మగ్గానిదో తేలాలి. ఈసారి నాకు చెప్పండి, మగ్గానికి కాదు."

మగ్గం మీద సగం నేసిన సాదా చీర ఉంది. బొమ్మల్లేనిదే కదా, నేను నేస్తానని భారతమ్మ గుంతలోకి దిగింది. ముప్పై ఏళ్ళుగా కండెలు చుట్టిందే తప్ప ఒక్కరోజూ తొక్కింది లేదు. నేను వెనక నిలబడి తప్పులు పట్టేవాణ్ణి, ఆమె తిడితే వాకిట్లోకి పోయేవాణ్ణి, మళ్ళీ వచ్చి నిలబడేవాణ్ణి.

మూడో వారానికి నా కాళ్ళలో గోలీ నొప్పి లేదు. మగ్గం నొప్పీ లేదు. సంతోషపడాల్సింది పోయి గాబరా పడ్డాను. పొద్దున లేచి, ఇవి నా కాళ్ళేనా అని పిక్కలు నొక్కి నొక్కి చూసుకున్నాను.

ఆ సాయంత్రం భారతమ్మ గుంతలోంచి లేవబోయి లేవలేకపోయింది. చెయ్యిచ్చి పైకి లాగాను. గట్టు మీద కూలబడి రెండు చేతులతో పిక్కలు పట్టుకుంది.

"నీకు రోజూ గిట్లనే ఉండెనా?" అని అడిగింది.

ఉండేదని చెప్పాను, పన్నెండో ఏట మగ్గం ఎక్కినప్పటి నుంచీ.

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"గిది నొప్పని నాకెవరు చెప్పిన్రే?"

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, తన కాళ్ళు వదిలేసి నా కాళ్ళు పట్టుకుంది.